గింజకు పట్టించే మందు

చిరంజీవి యలమందకు అక్క దీవెనలు.

నీ కొడుకు శేషగిరి నిన్న ఒంటరిగా బస్సెక్కి గుంటూరులో మా ఇంటికి వచ్చాడు. బీజం చెడకుండా అంటూ నువ్వు కనిగిరి నుంచి తెచ్చి పట్టించిన నాటుమందు పొడినంతా గుమ్మంలోనే కక్కాడు. కడిగింది నేనే. ఆ వాసనకన్నా నీ తెలివే నాకు ఎక్కువ రోత పుట్టించింది.

వాడి వృషణంలో క్యాన్సర్ గడ్డ తీశాక పొట్టకు రేడియేషన్ కరెంటు పెట్టాలని డాక్టరుగారు చెప్పినప్పుడు, "వీడు బతుకుతాడా?" అని నువ్వు అడగలేదు. "పిల్లలు పుడతారా?" అన్నావు. బీజాన్ని కాపాడే మందు ఇంకా ఎలుకల మీదే పరీక్షిస్తున్నారనీ, రెండో వృషణానికి కిరణాలు తగలకుండా తాము సీసం పలక అడ్డుపెడతామనీ ఆయన ఓపిగ్గా చెప్పారు. నువ్వేమో, "మందు పట్టించకుండా పత్తి గింజ నాటుతామా అక్కా?" అని చికిత్స మధ్యలో వాణ్ణి లాక్కుపోయావు.

వాడు గింజ కాదురా, నీ కొడుకు.

ఇవాళ మళ్లీ కరెంటు మొదలుపెట్టించాను. లోపలికి వెళ్తూ, "నాన్నకు చెప్పకు అత్తా, మళ్లీ తీసుకుపోతాడు" అన్నాడు. అయినా చెబుతున్నాను. రోగిని చూడడానికి ఒట్టి చేతులతో వెళ్లకూడదంటారు. నువ్వు మాత్రం ఒట్టి చేతులతోనే రా.

మీ అక్క