సూర్నారాయణకు కప్పని శాలువా

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కళింగపట్నం నుంచి భీమిలి దాకా ఏటా తీరం వెంబడి నడిచే నిన్ను పిచ్చివాడని ఊరంతా చాటిన నా మేనల్లుడు సూర్నారాయణ, మధ్యధరా సముద్రంలో ఏదో దీవి తీరమంతా నడిచొచ్చాడు. దానికి నిన్న శ్రీకాకుళంలో సన్మానం! వయసులో పెద్దవాణ్ణని శాలువా నన్నే కప్పమన్నారు.

"ఒరే, మన తీరం ఎప్పుడైనా నడిసినావేట్రా?" అని మైకులోనే అడిగాను.

"మన దగ్గర ఏటున్నాది మావా, సేపల కంపు తప్ప?" అన్నాడు.

సభ నవ్వింది. అందరూ చదువుకున్నవాళ్ళే బావా! నువ్వు బతికుండగా నీ నడక గురించి ఒక్కడూ అడగలేదు.

శాలువా మడిచి చంకలో పెట్టుకుని వేదిక దిగిపోయాను. దొంగతనమంటున్నారట. అననీ. ఈ ఉదయం కళింగపట్నం బస్సెక్కి, నువ్వు నడక మొదలుపెట్టేముందు నీకు గంజి పోసే పోలమ్మకు దాన్ని ఇచ్చేశాను. ఆమె శాలువా తడిమి చూసి, "ఆ బావు ఈయేడు రానేదేటి?" అని అడిగింది.

నువ్వు లేవని నేను చెప్పేలోగా నాకో గిన్నె, నీకో గిన్నె కడిగి ముందు పెట్టింది.