ఏరిపారేసిన విడికంకులు

కొడకండ్ల, 1949 కార్తీకం

బావ సాయిలుకు లచ్చవ్వ దండాలు. నేను, మన పిల్ల దుర్గమ్మ, రెండెడ్లు, మాట వినని మేక, అందరం బాగున్నాం. నువ్వు జైలులో బాగున్నావని తలుస్తాను. ఈ ఉత్తరాన్ని నీకంటే ముందు విప్పి చదివే జైలు సారుకు కూడా దండాలు. సారూ, ఇందులో జొన్నల సంగతి తప్ప మరేం లేదు.

నా నడుము నొప్పి గురించి అడిగావు. తగ్గింది. పిల్లకు పళ్ళు వచ్చాయా అన్నావు. నాలుగు వచ్చాయి, మొదట కరిచింది నన్నే. "నా విత్తనం భద్రమేనా" అని మాత్రం రెండుసార్లు రాశావు. దానికి జవాబు కాస్త పెద్దది.

జొన్న గింజ కట్టే వేళకు తొమ్మిది రోజులు ముసురు పట్టింది. నువ్వు ఏటా చేనంతా తిరిగి ముద్దగా, తెల్లగా, పిడికిలంత ఉన్న కంకులనే విత్తనానికి ఏరేవాడివి కదా! ఆ ముద్దలో దూరిన నీరు ఆరలేదు. నువ్వు ఏరిచ్చిన కంకులే విత్తిన మన పక్కచేను ముత్తయ్య మామ పంటంతా నల్లగా బూజు పట్టింది. మన చేనులో మూడో వంతు నిలిచింది.

మామ గట్టు మీద నిలబడి, "గిదేంది లచ్చవ్వా? ఇద్దరం ఒక్క విత్తనమే ఏస్తిమి గద?" అన్నాడు. 

ఒక్క విత్తనం కాదు బావా. నువ్వు ఏరిపారేసే, ఎర్రగింజలు ఎడంఎడంగా ఉండే విడికంకులు ఉన్నాయే, అవి మా అవ్వ దంతాలపల్లి నుంచి పంపినవి. మూడేళ్ళుగా నీ విత్తనాల కుండలో దొంగచాటుగా కలుపుతున్నాను. "వాన నిన్నడిగి వస్తదా బిడ్డా? అన్ని తీర్లయి ఉంచుకో" అనేది అవ్వ. "గీ దయ్యాలు యాడికెల్లి మొలుస్తున్నయే?" అని నువ్వు తిట్టుకుంటుంటే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ కంకుల్లోనే గాలి ఆడి గింజ ఆరింది. అవి లేకపోతే, ఏ దొరకు ఎదురు తిరిగి నువ్వు జైలుకు పోయావో ఆ దొర గడి ముందే గింజల కోసం చేట పట్టుకుని నిలబడేదాన్ని. అది తలచుకుంటేనే ఏడుపొస్తుంది.

నీ ముద్దకంకులు అన్నీ పోలేదులే. చేనంతా వెతికితే అంత ముసురుకూ చెక్కుచెదరనివి పదకొండు దొరికాయి. వాటినీ, విడికంకులనూ, నిలబడ్డ ప్రతి తీరునూ విత్తనానికి దాచాను. వచ్చే ఏడు వానే రాకపోతే వీటిలో ఏది బతుకుతుందో నాకేం తెలుసు? ముత్తయ్య మామకూ కొన్ని ఇచ్చాను. నీ ముద్దకంకులను పొగుడుకుంటూనే పట్టుకుపోయాడు.

నీకు కోపం వస్తుందని తెలుసు. ఉత్తరంలో మాత్రం తిట్టకు, జైలు సారు చదువుతాడు. తొలకరికి ముందే ఇంటికి వచ్చి, కుండ ఎదురుగా కూర్చుని, కడుపునిండా తిట్టు. ఒక్క మాటకూ ఎదురు చెప్పను.

ఇట్లు,
నీ విత్తనం చెడగొట్టిన మరదలు
లచ్చవ్వ