మిలిటరీ ట్యాంకు తలకాయ గరుకు

ముజీబ్, నా మిలిటరీ ట్యాంకు బొమ్మ తలకాయను, ఫిరంగి గొట్టముండే పైభాగాన్ని, రుద్ది పాడుచేసింది నువ్వే. కార్లకు పుట్టీ పెట్టి రుద్దే నీ చేతులు గరుకు కనబడితే ఆగవు. మళ్ళ పైనుంచి అక్కకే, "ఆపా, నువ్వు సరిగ్గ చెయ్యలే, నేను నున్నగ చేసిన" అని గొప్పలొకటి! అది నేను కావాలని పెట్టిన గరుకురా. ఇసుక అచ్చులో పోసిన ఇనుము అట్లనే ఉంటది. పోతలో వచ్చినట్టు ఉబ్బెత్తుగా అంటించిన నంబరు కూడా నీ ఎమరీ కాగితానికే పోయింది.

పుట్టీని థిన్నర్‌తో పలచగా కలుపు. తలకాయంతా పూసి, ఆరకముందే పాత టూత్‌బ్రష్‌తో పొడుస్తూ పో. నంబరుకు కొత్త అంకెలు కోసి అగ్గిపెట్టెలో పెట్టిన. ఎడమ పక్క అంటించు.

నేనే చేద్దును గాని, కాలువ నీళ్ళ ధర్నాకు గట్టు ఊరికి పోతున్న. మళ్ళా అదే రోడ్డు, అదే ఎండ. గొంతు పోయింది, ఓపికా పోయింది.

అమ్మీ ఫోన్ చేసింది. అబ్బాకు ఇంక చూపు రాదని కర్నూలు దవాఖానలో చెప్పిండ్రట. ఫౌండ్రీలో అసలు ట్యాంకులకు ఇట్లాంటి తలకాయలు పోసిన మనిషి. మొన్న ఈ బొమ్మను తడిమి, "ఇది మా ఫౌండ్రీ పోతనే బిడ్డా" అని నవ్విండు. కండ్లు మసకబారినంక ఆయన నవ్వింది ఆ ఒక్కసారే. సాయంత్రం బస్సు దిగి ఇంటికి రాంగనే దాన్నే అడుగుతడు.

అన్నం గిన్నెలో ఉంది. ముందు పుట్టీ పెట్టు, అది ఆరేలోపు తిను. అబ్బా చేతికి నున్నటిది మాత్రం ఇయ్యకు.