పటం మీద జీడిపిక్కలు

సుశీలా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి ఎన్నికలివి. ఫలితాలు రాగానే ఎప్పటిలాగే మన చుట్టుపక్కల మండలాల పటం గీసి కాలేజీ గోడకు తగిలించాను.

తొంభై తొమ్మిదిలో గీసిన పటంలో ప్రతి ఊరికీ, గెలిచిన పార్టీ రంగు పొలిమేర దాకా నింపాను. నువ్వు చూసి, "ఏటండీ, జీడితోటలు కూడా ఓట్లేసినాయేటి?" అన్నావు. గెలిచినవాళ్ల ఓట్లకు జీడిపిక్కలు, ఓడినవాళ్ల ఓట్లకు జీడిపప్పులు, వందకొకటి చొప్పున పటం మీద పేర్చావు. తోటలు ఖాళీగా మిగిలాయి. సముద్రం ఒడ్డున చిటికెడంత ఉన్న మీ కన్నవారి పేటలో మాత్రం పిక్కలు పట్టలేదు.

ఇంటికొచ్చిన నా తోటి లెక్చరర్లు నవ్వారు. "ఇది వంటగది కాదు" అని అన్నీ చేత్తో తోసేశాను. నువ్వు నేల మీద కూర్చుని ఏరుకున్నావు.

ఈసారి పిక్కలకూ పప్పులకూ బదులు రెండు రంగుల చుక్కలు పెట్టాను. నిన్న చేపలమ్మడానికి పలాస వచ్చిన నీ తమ్ముడు కాలేజీకి వచ్చి చూశాడు.

"బావా, ఈపాలి మా పేట అగుపడతంది. ఇంత తెలివి నీకెప్పుడొచ్చిందేటి?"

"ఆలోచిస్తే తట్టింది" అన్నాను. వాడు నమ్మాడు.

పటం కింద నా పేరుంది. పక్కన నీ పేరుకు చోటుంది. ఇంకా రాయలేదు.