బాపు పెట్టె ముంగట వాయించే రీడ్

రూతు నాయినా,

అన్నం గిన్నెల ఉన్నది, పప్పు వేడి చేస్కో. బార్కస్ బరాత్‌కు నీ సాక్సోఫోన్ మూతికి పెట్టే పాత కట్టె రీడ్ గ్లాసు నీళ్లల్ల నానేసిన. దాని గొంతు కీచుగా వచ్చినా పెండ్లికి గదే చాలు.

ప్లాస్టిక్ రీడ్ కోసం లొల్లి చెయ్యకు, నేను తీస్కపోతున్న. నాలుగు ఊది చూసి, గొంతు బరువుగా వస్తదని సావుల్ల వాయించేటందుకు నువ్వు ఏరి పెట్టుకున్నదే. నీకు సాక్సోఫోన్ నేర్పిన మా బాపు శవప్పెట్టె ముంగట ఇయ్యాల శిష్యుడు నడవాలె. నీకు బరాతే ఎక్కువాయె. మా తమ్ముడు యోబు వాయిస్తడు.

సుందరమ్మ

ఇంకోటి. పానం పోయే ముందు బాపు, "నా ముంగట అల్లుడు ఇశ్రాయేలే వాయిస్తడు గదా బిడ్డా" అన్నడు. అవునన్న. కన్ను మూసేటాయనతోని నీ కోసం అబద్ధమాడిన.