తమ్ముడు పంపిన ఉప్పు

పెద్దాపురం,
మంగళవారం.

ఇంద్రజక్కకు,

నిన్న ఫోన్‌లో ఆ కొత్త ఉప్పు పారేయమన్నాను. ఎందుకని నువ్వు అడిగితే ఫోన్ పెట్టేశాను. కారణం నోటితో చెప్పలేను, అందుకే రాస్తున్నాను.

శుక్రవారం బావగారిని రాజమండ్రిలో డయాలసిస్‌కి నేనే తీసుకెళ్ళాను కదా. సూదులు గుచ్చి మిషన్ పెడుతుండగానే ఆయన "గుండె దడదడలాడిపోతుందయ్యా యుగంధర్, ఊపిరాడట్లేదు" అంటూ ఒక్కసారిగా చెయ్యి లాక్కున్నారు. సూది ఊడింది. చేతిలోంచి రక్తం చిమ్మి నా మొహాన పడింది. టెక్నీషియన్ సత్తియ్యగారు ఆ చెయ్యి పట్టుకుని మీదకి వంగారు. వీడే చంపేస్తున్నాడనుకున్నాను. సెలైన్ తగిలించే ఇనపస్టాండు ఎత్తి బాదాను. వీపు మీద, భుజం మీద, చెవి మీద. "ఆగండి బాబూ, ఆగండి" అన్నారే తప్ప తిరిగి చెయ్యెత్తలేదు. తప్పు చేశాడు కాబట్టే పడుతున్నాడని ఇంకా కసిగా కొట్టాను. చెవి చిరిగి వేలాడింది. ఆ క్షణాన నాకు హాయిగా ఉంది అక్కా. అది తల్చుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తోంది.

తర్వాత డాక్టరుగారు నన్ను నిలబెట్టి అడిగారు. కిడ్నీ జబ్బున్నవాళ్ళకి గుండెదడ రక్తం తగ్గినా వస్తుందట, ఒంట్లో నీరు నిండినా, ఒక డయాలసిస్ మానేసినా వస్తుందట. బావగారికి అవేవీ కావు, రక్తంలో పొటాషియం విపరీతంగా పెరిగింది. "కొబ్బరినీళ్ళు తాగారా? అరటిపళ్ళు తిన్నారా? ఉప్పేమైనా మార్చారా?" అన్నారు. "లేదండి" అన్నాను. నిన్న ఇంటికొచ్చి, బీపీకి మంచిదని మన కొట్లోంచి నేను పంపిన తక్కువ సోడియం ఉప్పు ప్యాకెట్ తిప్పి చదివాను. సోడియం తగ్గించిన చోట పొటాషియమే కలిపారు. పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. రెండు నెలలుగా బావగారికి ప్రతి ముద్దలోనూ నేనే దాన్ని పెట్టించాను.

సూది ఆయనే ఊడగొట్టారని నేను చెప్పిన మాట నమ్మి సత్తియ్యగారిని ఉద్యోగంలోంచి ఆపేశారు. నేను నోరు విప్పితే నాకు జైలు, విప్పకపోతే ఆయన బతుకు బుగ్గి. నువ్వు ఊరుకోమంటే ఊరుకుంటాను.

నీ తమ్ముడు
యుగంధర్


రాజమండ్రి ఆస్పత్రి,
గురువారం.

తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. ఆయన ఒక్కటే అడిగారు: "సత్తియ్య ఎందుకు తిరగబడలేదో యుగంధర్‌కి తెలుసా?"

నాకూ ఇవాళే తెలిసింది. సూది ఊడిన చోట సత్తియ్యగారి బొటనవేలు అదిమిపెట్టి ఉంది. అది తీస్తే నిమిషాల్లో మీ బావగారి ప్రాణం పోయేది. రెండో చేత్తో తల కాచుకోవచ్చు కదా అంటావేమో, ఆ చేత్తో మంచం మీంచి జారిపోతున్న మనిషిని పట్టుకున్నారట. నువ్వు కొట్టే కొద్దీ ఆ వేలు ఇంకా గట్టిగా నొక్కారని మీ బావగారు ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

నన్ను ఊరుకోమనమని ఎలా అడిగావురా? నీ ఉత్తరం డాక్టరుగారి చేతిలో పెట్టేశాను. పోలీసులు నీకోసం వచ్చేలోపు నువ్వే వెళ్ళి నిజం చెప్పు. ముందు మాత్రం సత్తియ్యగారింటికి వెళ్ళు. ఆయనకి ఎడమచెవి ఇక వినపడదట. క్షమించమని అడిగేటప్పుడు కుడివైపు కూర్చో.

మీ అక్క
ఇంద్రజ