ఊపిరి చూడమన్నాను

జూన్ 2

మైండ్‌ఫుల్‌నెస్ టీచర్ ట్రైనింగ్‌లో చివరి మెట్టు. ఇన్నాళ్లూ మేం కళ్లు మూసుకుని ఊపిరిని గమనిస్తూ కూర్చున్నాం. ఇప్పుడు ఇంకొకరిని కూర్చోబెట్టాలి. ఆరుగురిని పోగుచేసి ఎనిమిది వారాలు నేర్పితే, ట్రైనర్ మేడమ్ వీడియోలు చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. అది వస్తే ఆస్పత్రిలో ఉద్యోగం ఇస్తామన్నారు. నేను పనిచేసిన స్కూల్ ఆఫీసు మూతపడ్డాక, ఈ వయసులో నన్ను రమ్మన్న చోటు అదొక్కటే.

తమ్ముడు ఫోన్ చేశాడు. ఊపిరి పీల్చడానికి కూడా సర్టిఫికెట్టేంటక్కా, పుట్టిన దగ్గర్నుంచీ ప్రాక్టీసులోనే ఉన్నాను, నాకూ ఒకటి పడెయ్యి అన్నాడు.

జూన్ 5

ఐదుగురు దొరికారు. ఒక్కొక్కరితో విడిగా ఇన్‌టేక్ మాట్లాడాను, అంటే చేర్చుకునే ముందు అడగాల్సిన ప్రశ్నలు. నిద్ర పడుతోందా, మందులు వాడుతున్నారా, ఈ మధ్య దగ్గరివాళ్లెవరైనా పోయారా. ఆ చివరి ప్రశ్న అడక్కుండా ఎవరినీ చేర్చుకోవద్దని మేడమ్ మరీ మరీ చెప్పింది. బేకరీ ఆవిడ ఏడ్చేసింది. పిల్లి పోయిందట. నేను నవ్వలేదు.

ఆరో మనిషిగా చెల్లిని చేర్చాను. దాని మొగుడు, మా మరిది, పోయిన దగ్గర్నుంచీ నా దగ్గరే ఉంటోంది, గది దాటి రాదు. నాలుగు మంచి మాటలు వింటే కుదుటపడుతుందనుకున్నాను. సొంత చెల్లిని ఇన్‌టేక్ అని ఏం అడుగుతాను? దాని సంగతి నాకు తెలియనిదేముంది.

జూన్ 13

మొదటి క్లాసు. టైలర్ షాపు పైన గది, కింద మిషన్ల చప్పుడు. ఊపిరిని మార్చొద్దు, ఊరికే చూడండి అని చెప్పాను. చెల్లి అందరికంటే కదలకుండా కూర్చుంది.

మేడమ్ వీడియో చూసి, మీ గొంతులో నెమ్మది ఉందండీ అంది. సంతోషం వేసింది.

జూన్ 17

చెల్లి ఇంట్లో కూడా చేస్తోంది. పొద్దున్నా, మధ్యాహ్నం, సాయంత్రం. దేవుడు నా మొర విన్నాడు.

జూన్ 24

చెల్లి కళ్ల కింద నలుపు. నిద్రపోతున్నావా అంటే, ఆఁ అంది.

జూన్ 25, ఉదయం

నిద్రపోవడం లేదు. మంచం మీద నిటారుగా కూర్చుని ఉంది, అరచెయ్యి పొట్ట మీద. ఏం చేస్తున్నావే అన్నాను. చూస్తున్నానక్కా అంది. చూడకపోతే ఆగిపోతుందట.

జూన్ 25, సాయంత్రం

ఇప్పుడు చెప్పింది. ఆస్పత్రిలో మరిది చివరి రోజు నేను వరండాలో ప్రార్థన చేసుకుంటున్నాను. లోపల చెల్లి ఒక్కతే. ఆయన ఛాతీ లేవడం, దిగడం చూస్తూ కూర్చుందట. చూస్తున్నంతసేపూ ఊపిరి ఆడిందట. కుర్చీలోనే చిన్న కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి అయిపోయింది.

చూస్తూ ఉండాలన్న సంగతి మర్చిపోతూ ఉన్నానక్కా, మంచిదైంది, నువ్వు మళ్లీ చూడమన్నావు అంది. దెప్పుతూ కాదు. నేనేదో మేలు చేసినట్టు అంది.

పిల్లి పోయినావిడని అడిగాను. దీన్ని అడగలేదు.

జూన్ 26

మేడమ్‌కి చెప్పాను. కోప్పడలేదు. ఇన్‌టేక్ చేశారా అని మాత్రం అడిగింది. చెయ్యలేదన్నాను. చెల్లిని క్లాసు మాన్పించి వెంటనే డాక్టరుకి చూపించమంది. మీ సంగతి తర్వాత చూద్దాం అంది.

జూన్ 28

డాక్టరు నిద్రమాత్రలు రాశాడు. ఊపిరి మాట ఎత్తకండి, ఏదో ఒక పని చెప్పండి అన్నాడు. బట్టలు మడతపెట్టమన్నాను. ఒక్క చేత్తోనే మడతపెట్టింది. రెండోది పొట్ట మీదే ఉంది.

ఇంక చూడకే తల్లీ అన్నాను. ఎలా మానాలో చెప్పక్కా అంది.

చూడటం నేర్పారు నాకు. మానడం నేర్పలేదు.

జూన్ 29

మాత్రలన్నీ దిండు కింద దొరికాయి.

జూలై 1

ప్రార్థనకి కూర్చున్నాను. మాట రాలేదు. నా ఊపిరే వినిపించింది. లేచిపోయాను.

జూలై 3

చెల్లి వంటగదిలో తూలిపడింది. నుదురు చిట్లింది. కుట్లు వేసేటప్పుడు మత్తు వద్దని నర్సు చెయ్యి పట్టుకుంది. రేపటికి కూడా నిద్రపోకపోతే అడ్మిట్ చేసి ఇంజెక్షన్ ఇస్తామన్నాడు డాక్టరు. దారంతా చెల్లి నా చెయ్యి వదల్లేదు. వాళ్లు నన్ను పడుకోబెట్టి చంపేస్తారక్కా అంది.

ఇంటికొచ్చాక మేడమ్ ఫోన్. రేపటి క్లాసుకి తనే వచ్చి కూర్చుంటుందట. మిగిలిన ఐదుగురితో అది సరిగ్గా జరిగితే సర్టిఫికెట్ ఆపనంది. రాకపోతే మాత్రం ఇంక చేసేదేమీ లేదంది.

తమ్ముడు వచ్చాడు. జోకులు వెయ్యలేదు.

జూలై 4, ఉదయం

తయారయ్యాను. చెల్లి గది మధ్యలో నేల మీద కూర్చుని ఉంది. గోడకి ఆనుకుంటే కునుకు పడుతుందట.

సంచి కింద పెట్టాను. రావడం లేదని మేడమ్‌కి మెసేజ్ పెట్టాను.

దాని పక్కన కూర్చుని, మాత్ర వేసుకో, నీ బదులు నేను చూస్తాను అన్నాను. చాలాసేపు నా మొహంలోకి చూసింది. మధ్యలో ప్రార్థనకి లేచిపోవుగా అంది.

లేవనన్నాను.

జూలై 4, మధ్యాహ్నం

పడుకుంది. నా చెయ్యి దాని వీపు మీద ఉంది, ఊపిరితో పాటు కదులుతూ.

లేచింది. దిగింది. లేచింది.